జట్టుగా వెళ్ళిన పడవలు జట్టుగానే రావాలి

మన బడిలో ఒకసారి "నేను ఉండే ఊరు" అని వ్యాసం రాయమంటే ఒక పాప "దుబాయ్ మధ్యలో ఒక నది ఉంది, దాని పేరు క్రీక్" అని రాసింది. రాజమండ్రి నుంచి వచ్చిన వాళ్ళ తాతయ్య అది చదివి నవ్వారు. "నదికి ఎగువ ఉండాలి, దిగువ ఉండాలి కదా తల్లీ! దీనికి అటు చూసినా సముద్రమే, ఇటు చూసినా సముద్రమే" అన్నారు.

తాతయ్యగారి మాట నిజం. క్రీక్ నది కాదు, భూమిలోకి చొచ్చుకు వచ్చిన సముద్రపు పాయ. అరబ్బీలో ఖోర్ అంటారు. షిందగా దగ్గర మొదలై రాస్ అల్ ఖోర్‌లో ఫ్లెమింగోలు వాలే మడుగుల దాకా వెళుతుంది. 2016లో దుబాయ్ వాటర్ కెనాల్ తెరిచాక అటు కొస కూడా జుమేరా దగ్గర మళ్ళీ సముద్రంలో కలిసింది. సత్వా నుంచి సాయంత్రం నడకకు వెళ్ళేవాళ్ళకు ఆ కాలువ తెలిసిందే.

ఈ క్రీక్‌లోకి తెరచాప పడవల్లో జట్టుగా ఎలా వస్తారో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. మనలో తెరచాప పడవ ఉన్నవాళ్ళు అరుదే. అయినా ఈ సంగతి మనకెందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

క్రీక్ లోతు ఎలా పెరిగింది?

ఒకప్పుడు ఇసుక మేటలు వేసి క్రీక్ ముఖద్వారం పూడిపోతూ ఉండేది. కాస్త పెద్ద పడవలు లోపలికి రాలేకపోయేవి. షేక్ రాషిద్ హయాంలో బాండ్లు అమ్మి, కువైట్ నుంచి అప్పు తెచ్చి, 1959 - 1961 మధ్య పూడిక తీయించారు. ఇప్పటికీ దేరా గట్టున సరుకు దించే ధౌలను చూస్తే ఆ నిర్ణయం విలువ అర్థమవుతుంది.

ఉమ్ సుకీమ్ రేవులో దుబాయ్ ఆఫ్‌షోర్ సెయిలింగ్ క్లబ్ ఉంది. అది 1974లో మొదలైంది. అక్కడి నుంచి క్రీక్ ముఖద్వారం దాకా, పోర్ట్ రషీద్‌ను చుట్టి రావడం కలుపుకుంటే సుమారు 10 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. కారులో అరగంట ప్రయాణం. మరి పడవలో?

లెక్క ఎవరితో మొదలుపెట్టాలి?

ఆరు పడవలు కలిసి బయలుదేరాయనుకుందాం. అన్నిటికన్నా వేగమైన పడవ గంటకు 6 నాటికల్ మైళ్ళు పోతుంది, అంటే 6 నాట్ల వేగం. దానికి గంటా నలభై నిమిషాలు చాలు. అన్నిటికన్నా నెమ్మదిగా పోయేది 4 నాట్లు. దానికి రెండున్నర గంటలు పడుతుంది. ప్రయాణం లెక్క వేయాల్సింది ఈ రెండో పడవతోనే. జట్టు ప్రయాణానికి మొదటి సూత్రం ఇది. ముందున్న పడవ ఎంత వేగంగా పోయిందన్నది లెక్కలోకి రాదు. వెనకున్న పడవ వెలుతురు ఉండగా రేవు చేరిందా లేదా అన్నదే లెక్క.

అందుకే ఈ లెక్కను చేరే వేళ నుంచి వెనక్కి వేస్తారు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. నాలుగింటికి లోపల ఉండాలంటే, నెమ్మది పడవకు రెండున్నర గంటలు, అనుకోని ఆలస్యానికి మరో గంట తీసేస్తే, పన్నెండున్నరకే తాడు విప్పాలి.

తరువాత గాలి. ఇక్కడ మధ్యాహ్నం పూట వీచే సముద్రపు గాలి సాధారణంగా వాయవ్యం నుంచి వస్తుంది. ఉమ్ సుకీమ్ నుంచి క్రీక్‌కు దారి ఈశాన్యంగా ఉంటుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు గాలి ఎడమ పక్క నుంచి, తిరిగి వచ్చేటప్పుడు కుడి పక్క నుంచి తగులుతుంది. తెరచాపకు ఇది మంచి గాలే. కానీ అదే వాయవ్యం నుంచి షమాల్ గాలి బలంగా వీస్తే అలలు నేరుగా ఒడ్డు మీదికి వస్తాయి. ఇంజను ఆగిన పడవను ఒడ్డున రాళ్ళ మీదికి నెట్టేస్తాయి. షమాల్ సూచన ఉంటే ప్రయాణం మానుకోవాలి.

తరువాత ఆటుపోట్లు. మన తెలుగులో ఎంత చక్కటి మాటలున్నాయో చూడండి: నీరు పొంగి లోపలికి వస్తే పోటు, వెనక్కి తీస్తే ఆటు. పోటు మీద క్రీక్‌లోకి వచ్చి, ఆటు మీద బయటికి వెళితే నీరే పడవను మోస్తుంది.

చివరిగా వంతెనలు. 2022లో తెరిచిన ఇన్ఫినిటీ వంతెన నీటికి 15.5 మీటర్ల ఎత్తున ఉంది. పడవ కొయ్య 16 మీటర్లుంటే ఆ పడవ రాలేదు. 15 మీటర్లుంటే పోటు ఎంత పొంగిందో చూసుకోవాలి. ఆ పైన 1963 నాటి మక్తూమ్ వంతెన వస్తుంది. ఎత్తైన కొయ్య ఉన్న పడవ దాన్ని దాటాలంటే వంతెన తెరిచే వేళ కోసం ఆగాలి. అది దాటాక దేరా వైపు క్రీక్ గోల్ఫ్ అండ్ యాచ్ క్లబ్ మెరీనా ఉంది. ఆ వేళ కుదరకపోతే ఇవతలే, అల్ సీఫ్ దగ్గర, ఆగిపోవచ్చు. ఈ దారిలో అబ్రాలు అడ్డంగా తిరుగుతూనే ఉంటాయి. అందుకే లోపల తెరచాప దించి ఇంజను మీద మెల్లగా నడుపుతారు.

బయలుదేరే ముందు

రేవులో అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఏ పడవలో ఎవరెవరున్నారో పేర్లతో రాస్తారు. ఆ కాగితం ప్రతి ఒకటి ఒడ్డున ఉండేవారి చేతికి ఇస్తారు. ఎన్ని గంటలకు కబురు రాకపోతే ఎవరికి చెప్పాలో అందులో ఉంటుంది. ఇక్కడి కోస్ట్ గార్డ్ నంబరు 996. ఆపద సమయంలో రేడియోలో పిలవడానికి 16వ ఛానెల్. లైఫ్ జాకెట్ పిల్లల ఒంటికి సరిపోయిందో లేదో భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తారు. జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే అది ఆ పిల్లకు పనికిరాదు. ఇదంతా అయ్యాక కూడా "ఈరోజు వద్దు" అనే హక్కు ప్రతి పడవకూ ఉంటుంది. అలా అన్నవారిని ఎవరూ వెక్కిరించరు.

మన గోదావరి మీద

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడడానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు. బయటపడ్డవారు 26 మంది. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. నది అడుగు నుంచి బోటును బయటికి తీయడానికి అక్టోబరు దాకా పట్టింది. మన గల్ఫ్‌లోనూ ఇలాంటిది జరిగింది. 2006 మార్చి 30 రాత్రి బహ్రెయిన్‌లో విందు కోసం జనాన్ని ఎక్కించుకున్న అల్ దానా పడవ ఒరిగిపోయి 58 మంది చనిపోయారు. వారిలో మన భారతీయులు చాలామంది ఉన్నారు.

ఇవి తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. అయినా చెప్పుకోవాలి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు లాంచీ ఎక్కేది మనమే, ఇక్కడ చుట్టాలు వస్తే ధౌ విందుకు తీసుకెళ్ళేదీ మనమే. టికెట్టు కొనేటప్పుడు భోజనంలో ఏముందని అడుగుతాం. ఈ నాలుగూ కూడా అడుగుదాం:

1. ఈరోజు నీరు, గాలి ఎలా ఉన్నాయి?
2. ఈ పడవకు ఎంతమందికి అనుమతి ఉంది, ఇప్పుడు ఎంతమంది ఎక్కారు?
3. మా పిల్లలకు సరిపోయే జాకెట్లు ఉన్నాయా? (ఉంటే దిగేదాకా విప్పవద్దు. ఉక్కపోస్తుందని పక్కన పెట్టిన జాకెట్ వల్ల ఉపయోగం లేదు.)
4. మా పేర్లు ఒడ్డున ఎవరి దగ్గరున్నాయి?

ఇంకొక మాట. ఫొటో కోసం అందరూ పై అంతస్తుకు, అదీ ఒకే పక్కకు, చేరవద్దు. పైన బరువు పెరిగిన పడవ సులువుగా ఒరుగుతుంది.

జవాబు సరిగా రాకపోతే టికెట్టు డబ్బులు పోయినా ఫరవాలేదు, వెనక్కి వచ్చేద్దాం. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మొహమాటమే మనవాళ్ళకు పెద్ద శత్రువు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న" అని సామెత. మనం మాత్రం ఆఖరి మనిషి ఒడ్డెక్కి, తలలు లెక్కపెట్టి, ఇంటికి ఫోన్ చేసేదాకా ఓడ మల్లన్ననే తలుచుకుందాం. ఆ వ్యాసం రాసిన పాప ఇప్పుడు అబ్రా ఎక్కితే ముందు జాకెట్లు ఎక్కడున్నాయో వెతుకుతోందట. క్రీక్‌ను నది అన్నందుకు తాతయ్య తీసేసిన మార్కులు దీనికి తిరిగి ఇచ్చేశారు.