కృశించిన బిడ్డకు పాలు: ఎంత పోయవలెను, దేనితో నీయవలెను

పురపాలక సంఘముల శిశుసంక్షేమ కేంద్రములకును, తాలూకాలలోని అంగన్‌వాడీలకును తల్లులు తెచ్చు ఫిర్యాదులలో మిక్కిలి సామాన్యమైనది యిది: పిల్లవాడు అన్నము ముట్టడు, పాలు మాత్రమే త్రాగును, అయినను ఎముకలు కనబడుచున్నవి. పాలు మరికొంత పోయుడని చెప్పి పంపుట సులభము. కాని పెక్కు సందర్భములలో ఆ సలహాయే కీడు చేయుచున్నది. కారణమును అధికారులు గ్రహించుట యవసరము.

ఒకటి మొదలు మూడేండ్ల వరకుగల బిడ్డకు దినమునకు సుమారు 1,000 కెలోరీల శక్తి కావలయును. లీటరు ఆవుపాలలో 650 కెలోరీలు ఉండును. లేచినది మొదలు పరుండువరకు సీసాతోనో గ్లాసుతోనో లీటరు పాలు త్రాగిన బిడ్డకు ఆకలిలో మూడింట రెండు పాళ్లు పాలతోనే తీరిపోవును. అట్టి బిడ్డ అన్నము చూచి మూతి త్రిప్పుకొనుటలో వింత యేమున్నది? అదే బిడ్డకు దినమునకు 8 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించినది. లీటరు పాలలో ఒక్క మిల్లీగ్రామైనను లేదు. రక్తము పలుచబడును, రక్తము పలుచబడిన బిడ్డకు ఆకలి మందగించును, ఆకలి లేదని తల్లి మరల పాలే పట్టును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కానవచ్చినది. ఇందుకెల్ల పాలే కారణమనుట తగదు. పాలచుక్క యెరుగని ఇండ్లు మన దేశమున కోకొల్లలు. కాని పాలు కొనగలిగిన ఇంటిలోని పాలిపోయిన బిడ్డను చూచినపుడు, దినమునకెన్ని గ్లాసులని మొదట అడుగవలయును.

పాలను నిందించుట మా యుద్దేశము కాదు. ఇంగ్లండులో కోరీ మాన్ అను వైద్యుడు 1926లో ప్రకటించిన నివేదికలో, ఒక ఆశ్రమమందలి బాలురు మామూలు భోజనముతో ఏడాదికి సగటున 3.85 పౌనులు పెరుగగా, అదే భోజనముతోపాటు దినమొకటికి పైంటు, అనగా సుమారు 570 మిల్లీలీటర్ల పాలు పొందినవారు 6.98 పౌనులు పెరిగిరి. తరువాత 1937లో కూనూరు పోషకాహార ప్రయోగశాలకు చెందిన అయిక్రాయిడ్, కృష్ణన్ అనువారు దక్షిణదేశపు పిల్లలకు వెన్నతీసిన పాలిచ్చి, ఎత్తు బరువులు మెరుగుపడుట గమనించిరి. ఈ రెండు తావులలోను పాలు భోజనమునకు చేర్చబడినవేగాని భోజనమునకు బదులుగా నీయబడలేదు. మన ప్రచారపత్రములలో ఈ సంగతి తరచుగా జారిపోవుచున్నది.

ఏడాది నిండిన బిడ్డకు దినమునకు 300 మొదలు 500 మిల్లీలీటర్లు చాలును. పెరుగు, మజ్జిగ అందులో లెక్కయే. పాలు పడని బిడ్డకు పెరుగు తరచుగా పడును. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేమియు వలదు. ఆపై మెత్తని ఆహారము మొదలిడి తల్లిపాలు కొనసాగింపవలయును. ఏడాది నిండువరకు ఆవుపాలు, గేదెపాలు ముఖ్యపానీయముగా నీయరాదు.

'సమతులాహారము' అను మాటను మా శాఖలో నిత్యము వాడుచున్నాము. పల్లెలో ఆ మాట పలికినచో తల్లి తల యూపును గాని యింటికి పోయి యేమి వండవలయునో ఆమెకు తెలియదు. అన్నములో పప్పు, పప్పులో ఆకుకూర, పైన చెంచాడు నేయి లేక నూనె, నిమ్మరసపు చుక్క అని చెప్పినచో తెలియును. నిమ్మపులుసు ఆకుకూరలోని ఇనుమును దేహమునకు పట్టించును. టీ దానిని అడ్డగించును. కావున పసిబిడ్డకు టీ పోయు నలవాటును ఖండింపవలయును. కర్ణాటకమునను రాయలసీమయందును దొరకు రాగులలో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. అది ఆవుపాలలోనిదానికి రెండింతలకు మించినది. తీరప్రాంతములలో చిన్నచేపలు, తినువారికి గ్రుడ్డు, ఎల్లరకును వేరుసెనగ మేలైనవి. వేరుసెనగను పొడిగొట్టియే యీయవలయును. పలుకు గొంతున నడ్డుపడి ప్రాణాపాయము కలుగవచ్చును.

బిడ్డ కడుపు చిన్నది. పలుచని గంజి కడుపు నింపును గాని బలమీయదు. చిక్కగా, కొద్దికొద్దిగా, దినమునకు అయిదుమార్లు పెట్టవలయును. పాలు భోజనానంతరమే గాని ముందు కాదు. క్రొత్త కూరను ఒకమారు ఉమిసిన బిడ్డ దానిని ఎన్నటికిని తినడని తీర్మానింపరాదు. పదిమార్లు కొంచెము కొంచెముగా ముందుంచినపిదప తినువారు పెక్కండ్రు. ముక్కు మూసి మింగించుట, బిస్కత్తు ఆశచూపుట రెండును చెరుపే.

సన్నముగా నున్న ప్రతి బిడ్డయు రోగి కాదు. తల్లిదండ్రులు సన్ననివారై, నెలనెలకు బరువు తన గీత ననుసరించి పెరుగుచున్న బిడ్డను వదలివేయవచ్చును. గీత చదునైనచో, అన్నము మాట అటుంచి క్షయ, నులిపురుగులు, మాటిమాటికి వచ్చు విరేచనములు గలవేమో వైద్యునిచే పరీక్ష చేయింపవలయును. ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు భుజము మధ్యకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనను, రెండు పాదములును వాచినను సలహాలతో కాలయాపన చేయక ఆ దినముననే ఆసుపత్రికి పంపవలయును.

ఇక అధికారుల చేతిలోనే యున్న విషయ మొకటి. పేదతల్లి కొనిన అరలీటరులో సగము నీళ్లైనచో పైలెక్క లన్నియు వ్యర్థములు. ఆ నీళ్లు బావివో కాలువవో యైనచో బిడ్డకు విరేచనములును తోడగును. లాక్టోమీటరును మాత్రమే నమ్మరాదు. నీరు కలిపినచో దాని అంకె తగ్గును, వెన్న తీసినచో హెచ్చును. రెండును చేసిన గడుసరి పాలు సరియైన అంకెనే చూపును. అందుచే వెన్నశాతమును కూడ పరీక్షింపవలయును. అనుమానము కలిగినపుడు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి, ఆహార భద్రతాధికారిచే నమూనా తీయించి విశ్లేషకునకు పంపవలయును. నమూనాలు వేకువజామున, పాలు పంచు వీధులలోనే తీయుట మేలు. పగలు కార్యాలయమునకు తెప్పించిన పాలు ఎల్లప్పుడును మంచివే.