మీకు తెలుసా? ఒకే మొక్క, రెండు గులాబీలు!

బాగలూరు చుట్టుపక్కల తోటల్లో కనిపించే అంటు గులాబీ మొక్కకు వేరు ఒక రకానిది, పువ్వు మరో రకానిది!

● గట్టి వేళ్లున్న గులాబీ (వేరుమొక్క) కాండం బెరడును ‘టి’ ఆకారంలో చీల్చి, సంకర గులాబీ కన్నును అందులో పొదిగి కట్టు కడతారు.

● అంటు కట్టిన చోట కాండం బుడిపెలా ఉబ్బుతుంది. వేలితో తడిమి చూడండి. దాని పైన వచ్చే కొమ్మే మీరు కోరుకున్న రకం. కింది నుంచి లేచేది వేరుమొక్క పిలక. దాన్ని పైపైన కత్తిరించకుండా మొదలంటా తీసేయాలి. వదిలేస్తే బలమంతా అదే లాగేసుకుంటుంది.

● ఇలాంటి సంకర గులాబీల్లో ఒక వర్గం హైబ్రిడ్ టీ. వాటిలో మొదటిదిగా చెప్పే ‘లా ఫ్రాన్స్’ 1867లో ఫ్రాన్స్‌లో వెలుగులోకి వచ్చింది.