మామిడికొమ్మ మీది ఆర్కిడ్ పరిమళము

కాయకోత ముగిసి ఎండుకొమ్మలు తీయించునపుడు కాణిపాకం, ఐరాల ప్రాంతపు మామిడి రైతులు చెట్లకు పట్టిన బదనికను కూడ కొట్టింతురు. మంచి పనియే. కాని బదనిక యను పేరు పలుచోట్ల రెండు వేరువేరు మొక్కలకు వాడుచున్నారు. ఒకటి తోటకు శత్రువు. రెండవది ఎవరి జోలికిని పోని ఆర్కిడ్. తేడా చెప్పువారు లేనిచోట రెండును కత్తికి బలియగును.

అసలు బదనిక ఆకులు వెడల్పుగ, దళసరిగ నుండును. దాని వేరు బెరడును చీల్చుకొని కొమ్మలోనికి దిగి నీటిని, లవణములను పీల్చును. బంకగింజలను పిట్టలు కొమ్మకొమ్మకు చేర్చును. కావున పండ్లు పండకమునుపే, అంటుకొన్నచోటికి దిగువగా, కొమ్మతో సహా కోసివేయవలెను.

ఆర్కిడ్ ఆకులు పట్టీలవలె సన్నగ రెండు వరుసలలో నుండును. బూడిదవన్నె లావువేళ్లు బెరడు పైననే ప్రాకును. కొన్ని గాలిలో వ్రేలాడును. ఒక వేరును లేపి చూడుడు, క్రింద బెరడు చెక్కుచెదరదు. వాననీటితోను, మంచుతోను అది తన ఆహారమును తానే వండుకొనును. చెట్టును అడుగునది చోటు మాత్రమే.

మన మైదానపు చెట్లపై కనిపించు ఆర్కిడ్లలో వాండా టెస్సెలేటా ముఖ్యమైనది. సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున 1795లో దీనిని వర్ణించెను. గోధుమవన్నె గళ్ల రేకులు, ఊదారంగు పెదవి. పూచినపుడు దగ్గరకు పోయి చూడుడు, ద్రాక్షపండ్లవంటి తీపి వాసన వచ్చును.

ఈ వాసన మనకొరకు కాదు, పుప్పొడి మోయు పురుగులకొరకు. కనుకనే ఒక్కొక్క ఆర్కిడ్‌ది ఒక్కొక్క వాసన. బల్బోఫిల్లం జాతిలో కొన్ని కుళ్లిన మాంసపు కంపు కొట్టును. వాటి అతిథులు ఈగలు. మడగాస్కరులోని ఆంగ్రేకం అను తెల్లపువ్వు చీకటిపడిన పిదప గుబాళించును. దాని తేనెగొట్టము సుమారు అడుగు పొడవు. అంత పొడవు నాలుకగల రెక్కలపురుగు ఉండితీరవలెనని డార్విన్ 1862లో వ్రాసెను. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టినది 1903లో. యూరపులోని ఓఫ్రిస్ పువ్వులు ఆడతేనెటీగ వాసనను అనుకరించి మగవానిని రప్పించుకొనును. బదులుగా తేనెచుక్క యైన పెట్టవు, అంతటి పిసినారులు! ఐస్‌క్రీములో వేయు వనిల్లాయు ఆర్కిడ్ తీగ కాయయే. పచ్చికాయకు ఆ వాసన ఉండదు, నెలలతరబడి మాగబెట్టిననే వచ్చును.

ఆర్కిడ్ విత్తనము దుమ్మువలె సన్నము. అందు మొలకకు తిండి నిల్వ లేదు. తగిన బూజు తోడైననే మొలచును. అటుపై పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కొమ్మను కొట్టక తప్పనిచో మొక్కను వేళ్లు తెగకుండ బెరడుముక్కతో తీసి, పలుచని నీడగల మరియొక కొమ్మకు కొబ్బరిపీచుతో కట్టుడు. క్రొత్త వేళ్లు పట్టువరకు ఉదయము నీరు చల్లవలెను. అడవిచెట్లనుండి మాత్రము పెరికి తేరాదు.