కజిన్ అన్న ఒక్క మాట చాలునా?



ఈ దేశంలో మన పిల్లలు పెదనాన్న కొడుకును, పిన్ని కూతురును, మేనమామ కొడుకును, మేనత్త కూతురును ఒకే మాటతో పరిచయం చేస్తారు. ఆ మాట 'కజిన్'. ఇందులో పిల్లల తప్పు లేదు. ఇంగ్లీషులో ఉన్నది ఆ ఒక్క మాటే. కానీ తెలుగులో ఈ నలుగురూ ఒకటి కారు. ఆ తేడా ఏమిటి, అది మనకు ఎలా దూరమైనది, ఇప్పుడు మనం ఏమి చేయవచ్చు అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. నేను కూడా తెలుగును సంఘం తరగతులలోనే నేర్చుకున్నాను. కనుక కొత్తగా నేర్చుకునే వారికి అర్థమయ్యేటట్లు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. నాన్నకు సోదరుడు, అమ్మకు సోదరి మనకు తల్లిదండ్రులతో సమానం. అందుకే వారిని పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని అని పిలుస్తాము. ఆ పేర్లలోనే నాన్న, అమ్మ ఉన్నారు. వారి పిల్లలు మనకు అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. సొంత అన్నకూ, పెదనాన్న కొడుకుకూ పిలుపులో భేదం లేదు. నాన్నకు సోదరి మేనత్త, అమ్మకు సోదరుడు మేనమామ. వారి పిల్లలు బావ, బావమరిది, వదిన, మరదలు. తనకన్నా చిన్నవాడైన మేనమామ కొడుకు ఆడపిల్లకు మరిది అవుతాడు.

పిలుపు మారితే నడత కూడా మారుతుంది. అన్న దగ్గర అదుపు, బావ దగ్గర హాస్యం. అన్నకు చెప్పలేని మాట బావకు చెప్పవచ్చు. పూర్వం మేనరికం వాడుకలో ఉండుట వలన ఈ రెండో వరుసలో పెళ్ళి సంబంధం కలిసేది. ఇప్పుడు ఆ ఆచారం తగ్గిపోతున్నది. కాలిఫోర్నియా చట్టం దానికి అడ్డు చెప్పదు గాని, పక్కనే ఉన్న నెవాడా, ఆరిగాన్ రాష్ట్రాలు ఒప్పుకోవు. ఆచారం పోయినా పిలుపులు పోనక్కరలేదు. బావ అని పిలవడానికి పెళ్ళి మాట ఎందుకు?

మన ఈ లెక్కను చూసి ఆశ్చర్యపోయిన అమెరికన్ ఒకరు ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ పట్టణానికి చెందిన లాయరు లూయిస్ హెన్రీ మార్గన్. ఆయన మిషనరీల ద్వారా ఎన్నో జాతుల బంధుత్వ పదాలను సేకరించారు. ఆ పుస్తకాన్ని 1871లో స్మిత్సోనియన్ సంస్థ ప్రచురించినది. అందులో తమిళంతో పాటు తెలుగు కూడా ఉన్నది. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా ఆదివాసుల లెక్కా, మన లెక్కా చాలావరకు కలుస్తున్నాయని ఆయన గమనించారు. సెనెకా వారికి కూడా తండ్రి సోదరుని పిల్లలు అన్నదమ్ములు, తండ్రి సోదరి పిల్లలు వేరు. అంటే మన వరుసల వంటి లెక్క ఈ నేలకు కొత్తది కాదు!

ఇక మన సంగతికి వద్దాం. ఫిజీకి గిర్మిట్ ఓడలు 1879 నుండి 1916 వరకు వచ్చాయి. మద్రాసు రేవు నుండి 1903లో మొదలైనాయి. మొత్తం సుమారు 60,000 మందిలో దాదాపు నాలుగో వంతు మద్రాసు నుండి వచ్చినవారు. వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వారు కూడా ఉన్నారు. చాలామంది ఒంటరిగా వచ్చిన యువకులు. వారి పాసు మీద పేరు, తండ్రి పేరు, ఊరు, దగ్గరి బంధువు పేరు రాశారు. ఆ దగ్గరి బంధువు మాత్రం సముద్రానికి అవతల ఉండిపోయాడు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు లేకుండా వచ్చిన మనిషి పిల్లలకు పెదనాన్న లేడు, మేనత్త లేదు. కనుక ఫిజీలో పుట్టిన మొదటి తరంలో చాలామందికి కజిన్లే లేరు. ఆ ఖాళీని ఓడ నింపినది. ఒకే ఓడలో వచ్చినవారు జహాజీ భాయి అనుకున్నారు. వారి పిల్లలు ఒకరినొకరు అన్నదమ్ములుగా చూసుకున్నారు. ఆ తరువాతి తరానికి గాని రక్తసంబంధపు బావలు, మరదళ్ళు నిండుగా దొరకలేదు. మనం తేలికగా 'కజిన్స్' అనుకునే ఈ సంపద మన కుటుంబాలకు రెండు తరాలు కాచుకున్న తరువాత వచ్చినది.

మనుషులు దొరికారు గాని అప్పటికి మాటలు జారిపోయాయి. చెరకు తోటలలో అందరి భాష హిందీ అయినది. హిందీలో మేనమామ కొడుకు కూడా భాయి, మేనత్త కూతురు కూడా బహన్. ఆ విధంగా మన బావలు అన్నలై పోయారు. తరువాత ఇంగ్లీషు వచ్చి మన అన్నలను కజిన్లు చేసినది. ఒక భాష అందరినీ దగ్గర చేసినది, మరొక భాష అందరినీ ఒక అడుగు దూరం పెట్టినది. రెండింటిలోనూ తెలుగు వరుస లేదు. 1926లో సంగం, 1941లో ఆంధ్ర సంగం ఏర్పడి భాషను నిలబెట్టడానికి పాటుపడ్డాయి. వారి శ్రమ లేకుంటే ఈ పిలుపులు కూడా మిగిలేవి కావు.

బంధుత్వంలో అంతా తీపి అని చెప్పను. తెలుగులో దాయాది అన్న మాట ఉన్నది. పాలు పంచుకునేవాడు అని అర్థం, పగవాడు అన్న ధ్వని కూడా ఉన్నది. కౌరవులు, పాండవులు పెదనాన్న, చిన్నాన్న బిడ్డలే కదా! పొలం ఉన్నచోట తగవు ఉంటుంది. ఫిజీలో మన పొలం కౌలు పొలం. ఆ కౌళ్ళు 1997 నుండి ముగియసాగాయి. అమెరికాలో పంచుకోవడానికి ఆ పొలం కూడా లేదు. తగవు లేదు, సంతోషమే. కానీ చెరకు కోతకు కలిసినట్లు కలవవలసిన పని కూడా లేదు. మనం కావాలని కలిస్తేనే కలయిక.

ఈ దేశపు చట్టం కూడా కజిన్‌ను గుర్తించదు. 1965 వలస చట్టం ప్రకారం పౌరులు తమ అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను పిలిపించుకోవచ్చు. కజిన్‌ను పిలిపించుకునే వీలు లేదు. మేనమామ వచ్చినప్పుడు ఆయన వెంట పెళ్ళికాని, 21 ఏళ్ళు నిండని పిల్లలు రావచ్చు. నేడు ఆ వరుసలో పదిహేనేళ్ళకు పైగా కాచుకోవలసి వస్తున్నది. అంతలో పెద్దపిల్లలకు వయసు దాటిపోతుంది. 2002 చట్టం కొంత ఊరట ఇచ్చినా, అది అందరికీ సరిపోలేదు. అందుకే ఒకే ఇంటి పిల్లలలో చిన్నవాడు మొడెస్టోలో, పెద్దవాడు ఆక్లండ్‌లో ఉండిపోయారు.

1987 తరువాత ఫిజీ విడిచి వచ్చిన మా కుటుంబాన్ని నిలబెట్టినది చట్టం లెక్కలో లేని ఈ బంధువులే. మా పెదనాన్న కొడుకు తన గది మాకు ఇచ్చి హాలులో పడుకున్నాడు. మా బావ తన కారులో నాకు డ్రైవింగు నేర్పాడు, తిట్లు కూడా నేర్పాడు! మా వదిన నా మొదటి ఉద్యోగపు దరఖాస్తు నింపి పెట్టినది. వారికి ధన్యవాదాలు చెబితే నవ్వుతారు, మనలో మనకు ధన్యవాదాలు ఏమిటి అంటారు. అయినా ఈ పేజీలో చెప్పుకుంటున్నాను.

ఇక మనం చేయవలసిన పని చిన్నదే. ఒక కాగితం మీద తాత, బామ్మల పేర్లు రాసి, కింద వారి పిల్లలను, మనుమలను రాయండి. ఒక్కొక్క పేరు పక్కన మీ బిడ్డ ఏమని పిలవాలో తెలుగులో రాయండి. దానిని ఫ్రిజ్ మీద అంటించండి. పండుగనాడు ఆ కాగితం చూసి ఫోను చేయించండి. ఇంటిపేర్లు పోయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క తాత పేరు ఇంటిపేరుగా మిగిలిన మనకు, ఎవరు ఎవరో తెలిపే గుర్తు ఈ పిలుపులే.

బావా అని పిలిచేవారు ఉంటేనే బావ ఉంటాడు. మన పిల్లల చేత పిలిపించుదాం.