గుంటపడ్డ మోకాలిలో కణాల నాటు

మృదులాస్థి, అంటే మనం కీళ్ల గుజ్జు అనేది, ఒకసారి చెడితే తిరిగి రాదని విలియం హంటర్ 1743లోనే లండన్‌లో రాశాడు. ఆ మాట ఇప్పటికీ పెద్దగా అబద్ధం కాలేదు. గుజ్జులో రక్తనాళాలు లేవు. గాయమైనా నెత్తురు గడ్డకట్టి, బాగుచేసే కణాలు వచ్చి చేరే దారి లేదు. నరాలూ లేవు, కాబట్టి నొప్పి తెలిసేసరికే ఆలస్యమవుతుంది. ఉన్న కొద్దిపాటి కణాలు తాము తయారుచేసిన గట్టి పదార్థంలోనే ఇరుక్కుని కదలవు.

రక్తం రాని ఆ లోటు తీర్చడానికి అమెరికాలో రిచర్డ్ స్టెడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు గుజ్జు పోయి గుంటపడ్డ చోట ఎముకకు సన్నని రంధ్రాలు పొడిచి, మజ్జలోని రక్తాన్నే పైకి రప్పించాడు. గుంట పూడుతుంది గానీ పూడ్చేది నారలాంటి కణజాలం. అసలు గుజ్జంత కాలం మన్నదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో లార్స్ పీటర్సన్, మాట్స్ బ్రిట్‌బెర్గ్, ఆండర్స్ లిండాల్ బృందం వేరే దారి పట్టింది. 1987లో తొలి రోగికి ఈ చికిత్స చేశారు. మోకాలిలో బరువు పడని చోట చిన్న గుజ్జు ముక్క తీసి, ఎంజైములతో కణాలను విడదీసి, ప్రయోగశాలలో రెండు మూడు వారాలు నారు పోసినట్టు పెంచారు. పది రెట్లకు పైగా పెరిగాయి. చిక్కేమిటంటే, పళ్లెంలో పరుచుకుని పెరిగే ఈ కణాలు తమ గుణం వదిలేసి నార కణాల్లా మారతాయి. కీలులోకి చేరాక మళ్లీ పాత తీరుకు రావాలి. పైగా ద్రవంలో తేలే కణాలు గుంటలో నిలవవు. అందుకని కాలి ఎముక పైపొరను కొంచెం ఒలిచి, గుంటకు మూతలా కుట్టి, దాని కింద కణాలను సూదితో వదిలారు.

1994లో 23 మంది ఫలితాలు ప్రచురించారు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ పత్రమే, ఓటమిని కూడా దాచలేదు కాబట్టి. తొడ ఎముక చివర నాటిన 16 మందిలో 14 మందికి రెండేళ్ల తర్వాత బాగుంది. మోకాలి చిప్ప వెనక నాటిన ఏడుగురిలో ఇద్దరికే. పద్ధతి ఒక్కటే! చిప్ప తన గాడి తప్పి రాపిడి పెడుతుంటే ఎంత మంచి నాటైనా నిలవదు. ముందు చిప్ప కదిలే దారి సరిచేయాలని తర్వాత తెలిసొచ్చింది.

మూత కూడా ఇబ్బంది పెట్టింది. కొందరిలో అది మందంగా పెరిగి కీలు కదిలినప్పుడల్లా పట్టేసేది. మళ్లీ లోపలికి వెళ్లి చెక్కాల్సి వచ్చేది. 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది ఇలా మూత కింద వదిలే కణాలకే. 2016లో అనుమతి పొందిన కొత్త రూపంలో ఎముక పైపొర అక్కర్లేదు. పంది కొల్లాజెన్‌తో చేసిన పలుచని పొర మీద కణాలు నాటి, దాన్ని గుంట ఆకారానికి కత్తిరించి జిగురుతో అంటిస్తారు.

ఇంతా చేసి, ఇది ఆటలోనో ప్రమాదంలోనో గుంటపడ్డ మోకాలికే, అదీ చుట్టూ మంచి గుజ్జు మిగిలి ఉంటేనే. వయసుతో మొత్తం అరిగిపోయిన కీలులో పట్టు దొరికే అంచే ఉండదు.