మన అబ్బాయి ఆడపిల్లలా ఉంటే: తండ్రులకు కొన్ని మాటలు



డాక్టరు గది తలుపు మూశాక గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటిలో ఇదొకటి: "మా వాడు ఎప్పుడూ ఆడపిల్లలతోనే ఆడతాడు. వాళ్ళమ్మ చున్నీ కప్పుకొని అద్దం ముందు నిలబడతాడు. గాజులు, గోళ్ళరంగు కావాలంటాడు. దీనికి ఇంజెక్షన్ ఏమైనా ఉందా డాక్టర్ గారూ?" హిందూపురమైనా, పెనుకొండైనా, ధర్మవరమైనా ఈ ప్రశ్న వెనుక ఉన్న భయం ఒక్కటే. నలుగురూ ఏమంటారో, రేపు వీడి బతుకు ఏమవుతుందో అని. ఈ భయం తల్లి కంటే తండ్రిని ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే ఈసారి ఈ పేజీ తండ్రుల కోసం.

ఇది జబ్బా?

కాదు. పిల్లలు సుమారు రెండేళ్ళకు ఆడ, మగ తేడాను గుర్తుపడతారు. మూడేళ్ళకు తాము అబ్బాయో అమ్మాయో చెప్పగలుగుతారు. ఆ వయసులో అబ్బాయి చీర చుట్టుకోవడం, అమ్మాయి బొగ్గుతో మీసం గీసుకోవడం ఆటలో భాగమే. చాలామందిలో ఇది ఆటతోనే పోతుంది. కొందరిలో మెత్తని మాట, సుకుమారమైన నడక, వంట మీదా నాట్యం మీదా అలంకరణ మీదా ఇష్టం నిలిచిపోతాయి. అలాంటి పిల్లల్లో కొందరు పెద్దయ్యాక తాము స్త్రీలమని చెబుతారు. కొందరికి మగవారి మీద ఇష్టం కలుగుతుంది. మరికొందరు అందరిలాగే పెళ్ళి చేసుకొని సంసారం చేస్తారు. ఆరేళ్ళ పిల్లవాణ్ణి చూసి వీడు రేపు ఏమవుతాడో ఏ డాక్టరూ చెప్పలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో, తాను పుట్టిన లింగం తనది కాదనిపించే స్థితిని మానసిక రోగాల జాబితా నుండి తీసివేసింది. కేవలం ఆటలు, ఇష్టాలు, ప్రవర్తన చూసి పిల్లవాడికి ఏ పేరూ పెట్టకూడదని కూడా అందులో ఉంది.

కారణం ఎవరు?

"నీ గారాబం వల్లే వీడిట్లా తయారయ్యాడు" అని భార్యను తిట్టే తండ్రులున్నారు. గారాబం కారణం కాదు. అక్కచెల్లెళ్ళ మధ్య పెరగడమూ, దయ్యమూ, తల్లిదండ్రుల పాపమూ కారణాలు కావు. తాయెత్తులతో, వాతలతో ఇది మారదు, గాయాలే మిగులుతాయి. "మగతనం రావడానికి" అంటూ చిన్నపిల్లలకు హార్మోను ఇంజెక్షన్లు వేయించడం ప్రమాదం. ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయి పిల్లవాడు పొట్టిగా మిగిలిపోవచ్చు. ఇలాంటివారిని "మార్చే" చికిత్సలు చేయడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్ళకు తెలియజేసింది.

కొడితే ఏమవుతుంది?

ధర్మవరంలో మగ్గం నేసే ఒక తండ్రిని ఊహించుకుందాం. పొద్దున లేచింది మొదలు ఆయన చేతిలో ఉండేవి పట్టు, జరీ, అంచు రంగులే. అవి చూస్తూ పెరిగిన కొడుకు ఒక పట్టుముక్క భుజాన వేసుకొని మురిసిపోతే, "ఆడంగివా?" అని చెంప పగులుతుంది. పిల్లవాడు ఆ ముక్క తీసేస్తాడు, కాని ఇష్టం పోదు. దాచుకోవడం నేర్చుకుంటాడు. తరువాత కడుపునొప్పి అంటాడు, బడికి పోనంటాడు, రాత్రి పక్క తడుపుతాడు. నాయన ఇంటికి వచ్చే వేళకు మూలకు పోతాడు. బడిలో ఎవరైనా ఏడిపించినా, ఒంటి మీద చెయ్యి వేసినా ఇంట్లో చెప్పడు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

అమెరికాలో 2009లో ప్రచురితమైన ఒక పరిశోధన, స్వలింగ ఇష్టం గల 21 నుండి 25 ఏళ్ళ యువతను పరిశీలించింది. ఇంట్లో తీవ్రంగా తిరస్కరించబడినవారు, తిరస్కారం అంతగా ఎరుగని వారికంటే 8 రెట్లకు పైగా ఎక్కువగా ఆత్మహత్యకు ప్రయత్నించినట్లు తేలింది. కాబట్టి ఇంట్లోవారి ఆదరణ ముద్దు చేయడం మాత్రమే కాదు, ప్రాణరక్షణ.

వాక్యం వెలుగులో

ఇస్సాకు ఇంటిని జ్ఞాపకం చేసుకోండి (ఆదికాండము 25). ఏశావు వేటగాడు, తండ్రికి ఇష్టుడు. యాకోబు గుడారాలలో ఉండేవాడు, వంట చేసేవాడు. తండ్రి ఒక కొడుకువైపు, తల్లి ఇంకొకరివైపు మొగ్గినందువల్ల ఆ ఇంట ఎంత వేదన కలిగిందో మనకు తెలుసు. గుడారంలో కూర వండిన ఆ కొడుకును దేవుడు విడిచిపెట్టలేదు. తండ్రులు పిల్లలకు కోపం పుట్టించి వారి మనసు కుంగదీయకూడదని పౌలు కొలొస్సయి సంఘానికి రాశాడు (3:21).

తండ్రి చేయవలసినవి

• రోజూ కొంతసేపు వాడికి నచ్చిన ఆటలోనే వాడితో కూర్చోండి.
• "మగాడివి, ఏడవకు" అనడం మానండి.
• బంధువులు ఎగతాళి చేస్తే వాడి ముందే చెప్పండి: "వాడు మా బిడ్డ, మాకు ముద్దే."
• బడి టీచరుతో మీరే వెళ్ళి మాట్లాడండి. ఏడిపించేవారిని ఆపమని అడగండి.
• క్రిస్మస్ నాటకంలో గొల్లవాడిగా కాక దేవదూతగా ఉంటానంటే ఉండనివ్వండి. దానియేలు గ్రంథంలో గబ్రియేలు కనబడింది మనుష్యుని రూపంలోనే.
• స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే జనం విరగబడి చూశారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. వేషం వేరు, స్వభావం వేరు, నిజమే. కాని మగవాడిలో సుకుమారాన్ని చూసి చప్పట్లు కొట్టినవాళ్ళమే మనం.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

పిల్లవాడు తన శరీరాన్ని అసహ్యించుకుంటున్నా, నెలల తరబడి "నేను అమ్మాయినే" అని బాధపడుతున్నా, తిండి, నిద్ర తగ్గినా, బడి మానినా, చచ్చిపోతాను అన్నా ఆలస్యం చేయకండి. వాడిని మార్చమని కాదు, వాడి బాధ తగ్గించమని డాక్టరును అడగండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లవాడిని ఎవరైనా హింసిస్తే 1098కి చెప్పండి.

ఒప్పుకోవడం ఒక్కరోజులో వచ్చేది కాదు. సిగ్గు, కోపం, దిగులు వస్తాయి. వాటిని భార్యతో, డాక్టరుతో, నమ్మకమైన పాస్టరు గారితో చెప్పుకోండి. పిల్లవాడి మీద మాత్రం తీర్చుకోకండి. వాడు పెద్దయ్యాక ఏమవుతాడో ఇప్పుడే తెలియాల్సిన పని లేదు. నాయన దగ్గరికి భయం లేకుండా రావచ్చని వాడికి తెలిస్తే చాలు.