చెత్తదిబ్బపై వెలసిన ఉద్యానము

క్రీ.శ. 969లో కైరో నగరమును నెలకొల్పిన ఫాతిమీ ఖలీఫాలు షియా సంప్రదాయములోని ఇస్మాయిలీ శాఖకు ఇమాములు. ఆ వంశపరంపరలోని వారిగా తమ అనుయాయులచే భావింపబడుచుండిన నాలుగవ ఆగాఖాన్ కరీం, 1984లో నగరాభివృద్ధిని గూర్చిన ఒక సదస్సునకై కైరో వచ్చి, మనిషికి అడుగు మోపునంత పచ్చని నేలయైనను మిగులని ఆ మహానగరమునకు ఒక ఉద్యానమును కానుకగా ఇచ్చెదనని ప్రకటించిరి. నగరవాసులలో అత్యధికులు సున్నీలు, పిమ్మట కాప్టిక్ క్రైస్తవులు. ఇస్మాయిలీలు అచట లేరన్నను చెల్లును. తనవారు లేని చోట సర్వజనులకును నీడ కల్పింప ఒక మతాచార్యుడు పూనుకొనుటయే ఈ కథయందు నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము.

నగరపాలన నెరపు కైరో గవర్నరేటు, అల్-అజహర్ మసీదునకు చేరువనున్న దరాసా దిబ్బలలో 30 హెక్టారుల నేలను ఇందులకై కేటాయించెను. ఇంచుమించు అయిదు వందల ఏండ్లుగా నగరము తన చెత్తను, కూలిన ఇండ్ల మట్టిని కుమ్మరించుచు వచ్చిన చోటది. ఉప్పెక్కిన ఆ మట్టిలో మొక్క బ్రదుకదు. పైగా నగరమునకు మంచినీరందించుటకై, ఒక్కొక్కటి 80 మీటర్ల వ్యాసము గల మూడు జలాశయములను ఆ స్థలమునందే నిర్మింపవలసి వచ్చినందున తోటపని ఏండ్ల తరబడి ఆగెను. పిదప లక్షలాది ఘనమీటర్ల మట్టిని తొలగించుచుండగా, సలాదీన్ కాలమున ఆరంభమైన 12వ శతాబ్దపు కోటగోడ దాదాపు కిలోమీటరున్నర పొడవున బయల్పడినది. 2005లో ఉద్యానము ప్రారంభమగునప్పటికి వాగ్దానము చేసి ఇరువది యేండ్లు గడచెను.

ఆ గోడను ఆనుకొని దర్బ్ అల్-అహ్మర్ అను పేదల పేట గలదు. పక్కనే తోట వెలసిన అద్దెలు పెరిగి పేదలే తరలిపోవలసివచ్చుట లోకమున తరచు జరుగు అన్యాయము. దానినెరిగియే ఉద్యానమును నిర్మించిన ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టువారు పేటలోని యువకులకు రాతిపని, వడ్రంగము నేర్పి, గోడ మరమ్మతునందు వారినే నియోగించి, చిన్న రుణములిచ్చి, నివాసులతో కలసి జీర్ణగృహములను బాగుచేసిరి. తోటకన్న ఈ పనియే గొప్పదని నా అభిప్రాయము. తోటలో ప్రవేశమునకు రుసుము కలదు. నిరుపేదకు అదియు అడ్డే యగును. కాని పోషణకు రాబడి లేని తోటలు ప్రారంభోత్సవపు మరునాటినుండియే ఎండుటను మన పురములలో చూచుచునే యున్నాము.

ఈ ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టే 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతోను, కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థతోను ఒడంబడి, హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణమును, దాని 106 ఎకరముల తోటను ఉద్ధరించు పనిని చేపట్టినది. ఆ ఏటి వర్షములకు కూలిన, ఆ ప్రాంగణములోని బడీ బావ్లీ అను మెట్లబావిని రాతిపై రాయి పేర్చి పునర్నిర్మించిరి. గోల్కొండ మెట్లబావుల ఉద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది. 2024లో పనులు ముగిసినవి; సమాధులును, నేలయు మునుపటివలెనే ప్రభుత్వమువి.